దిల్‌సుఖ్‌నగర్‌లో లినక్స్ అలంకారాలు

నా భార్య సులోచన మా ఇంట్లో కంప్యూటర్ జోలికి రాదు. చంపాపేటలోని మా ఇంటికి చుట్టాలెవరైనా వచ్చి ఒకసారి మెయిల్ చూసుకుంటామని అడిగితే, నేను నోరు తెరవకముందే ఆమె అడ్డుపడుతుంది.

"గది మా ఆయన చేస్కున్న కంప్యూటరు. ఇంకెవ్వరికి తెర్సుకోదు. నా ఫోన్ల చూస్కోండ్రి."

ఆమె మాటలో విసుగు ఉంటుంది. నాకు మాత్రం లోపల సంతోషంగానే ఉంటుంది. మా కంప్యూటర్ తెర మీద బొమ్మలు లేవు, మెనూ లేదు, మూలన గడియారం లేదు. ముదురు ఆకుపచ్చ రంగు ఒకటే ఉంది. ఆ ఆకుపచ్చ ఖాయం చేసుకోవడానికి నాకు ఒక ఎండాకాలం పట్టింది. కరెంటు బిల్లు కట్టాలన్నా ముందు నాలుగు అక్షరాలు కొట్టి, ఆపైన ఒక మీట నొక్కాలి. ఆ మీట ఏదో నాకు తెలుసు. రిటైరయ్యాక కూడా చెయ్యి ఊరుకోదు కాబట్టి, దాన్ని కూడా ఈ మధ్యే మార్చాను.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో లినక్స్ నేర్పిన మనిషిని. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి సలహా అడుగుతారు. ఏ సర్టిఫికెట్ మంచిది, ఏ కంపెనీ మంచిది అంటారు. వాటికి నా దగ్గర పనికొచ్చే జవాబు లేదు. నేను చూసినవి చెప్పగలను. అందులోనూ ఎక్కువగా, మిమ్మల్ని చూసి ఇంట్లోవాళ్ళు, పక్కవాళ్ళు నవ్వే ఆ రంగుల పిచ్చి గురించి చెప్పాలని ఉంది.

ఉద్యోగం అంటే ఇదీ

లినక్స్ కంప్యూటర్‌ను నడిపించే వ్యవస్థ. దుకాణంలో కొన్న మామూలు కంప్యూటర్ కట్టిచ్చిన ఫ్లాట్ లాంటిది, గోడ మీద మేకు కొట్టాలన్నా ఒకరిని అడగాలి. లినక్స్‌లో ఎవరినీ అడగక్కర్లేదు. తలుపు కిటికీ దగ్గరా, కిటికీ తలుపు దగ్గరా పెట్టుకోవచ్చు. పైకప్పు తీసేసి చూడవచ్చు. మా స్టూడెంట్లలో చాలామంది పైకప్పుతోనే మొదలుపెట్టేవారు.

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్‌లో దిగిన కుర్రవాడి చేతిలో, వాడు అడగకుండానే, అరడజను కోర్సుల కాగితాలు పెట్టేవారు. మెట్ల దారి గోడల నిండా బోర్డులే. కింద టిఫిన్ సెంటర్, మొదటి అంతస్తులో ఇంగ్లీషు, రెండో అంతస్తులో జావా, మూడో అంతస్తులో మేము. మా వరకు ఎక్కి వచ్చేవాడు అప్పటికే సగం అలసిపోయి ఉండేవాడు, లేదా నిజంగా లినక్స్ కోసమే వచ్చి ఉండేవాడు. అందుకే మా బ్యాచులు చిన్నవి. చిన్నవైనా గట్టివని నేను ఎవరి ముందైనా చెబుతాను.

బయటి పని కూడా చేసేవాణ్ణి. ఎల్బీనగర్ చౌరస్తాలో ఒక ట్రావెల్స్ ఆఫీసు ఉండేది. జెరాక్స్ షాపుల్లో పెన్‌డ్రైవ్ పెట్టి తీసిన ప్రతివాడూ వైరస్ తగిలించుకుని వస్తున్న కాలం అది. వాళ్ళ టికెట్ల కంప్యూటర్ వారానికోసారి పడకేసేది. నేను లినక్స్ పెట్టిచ్చాను. ఆ తర్వాత ఆ మిషన్ కోసం వాళ్ళు నన్ను పిలవలేదు. ఒకసారి నేనే ఉండబట్టలేక వెళ్ళి అడిగితే, ఓనరు, "ఏం గాలే సార్, మంచిగనే నడుస్తుంది. దాన్ని జర ముట్టకుండ్రి" అన్నాడు. మన పనిలో అంతకంటే పెద్ద మెప్పు దొరకదు. మెప్పు కోసం కాచుకునే స్వభావం ఉంటే వేరే కోర్సు చూసుకోండి.

పిచ్చి లక్షణాలు

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న ఏడు నా దగ్గర ఉన్న బ్యాచ్ గురించి చెబుతాను. అంత తెలివైన పిల్లలు, అంత పనికిరాని తెరలు మళ్ళీ నాకు తగల్లేదు.

మా ల్యాబ్‌లో పెద్ద కోర్సు వాళ్ళకు ఎవరి మిషన్ వాళ్ళకే ఇచ్చేవాణ్ణి. కోర్సు పూర్తయ్యే దాకా అది వాళ్ళదే. ఏమైనా మార్చుకోవచ్చు, చెడగొట్టుకోవచ్చు. బాగుచేసుకోవలసింది కూడా వాళ్ళే. ఆ పద్ధతి నాదే, ఇప్పటికీ దాన్నే సమర్థిస్తాను.

కిరణ్ తెనాలి పిల్లవాడు. చైతన్యపురిలో హాస్టల్లో ఉండేవాడు. వాడికి తెర మీద ఏది కనిపించినా దండగే. ముందు బొమ్మలు తీసేశాడు, తర్వాత మెనూ తీసేశాడు. తెర మీద ప్రోగ్రాములు తెరుచుకునే కిటికీల చుట్టూ ఉండే అంచులు తీసేశాడు. ఒకరోజు మౌస్ కూడా ఊడబీకి సొరుగులో పెట్టాడు.

"మౌస్ పట్టుకుంటే చెయ్యి కీబోర్డు మీంచి లేవాలి కదండీ. ఎంత టైమ్ వేస్టో ఆలోచించండి" అన్నాడు.

అలా మిగిల్చిన టైమంతా ఏం చేస్తున్నాడని చూస్తే, మిగిలిన ఒక్క కిటికీ తెరకు సరిగ్గా మధ్యలో ఉందో లేదో స్కేలు పెట్టి కొలుస్తున్నాడు. గడియారం కూడా మెమరీ తింటోందని తీసేశాక, టైమెంతయిందో అస్తమానం నన్నే అడిగేవాడు.

మహేందర్‌ది చౌటుప్పల్ దగ్గర ఊరు. వాడిది దీనికి పూర్తిగా తిరగబడిన పిచ్చి. తెర మీద జాగా ఖాళీగా ఉంటే వాడికి మనసున పట్టదు. కిటికీలో నుంచి వెనక కిటికీ కనిపించాలి, దాని వెనక వాన పడాలి. కంప్యూటర్ ఎంత బిజీగా ఉందో చూపించే మీటర్లు కుడివైపు వరసగా పెట్టాడు. కంప్యూటర్ బిజీగా ఉండటానికి కారణం ఆ మీటర్లేనని చెబితే వాడు ఒప్పుకోలేదు, దాన్ని చూపించడానికి ఇంకో మీటరు పెట్టాడు. కీబోర్డులో అక్షరాల వరస అశాస్త్రీయమని ఎక్కడో చదివి వాటి చోట్లు కూడా మార్చేశాడు. వాడి మిషన్ ముందు కూర్చుని మీ పేరు కొడితే మరెవరి పేరో పడేది. ఏ పని పూర్తయినా తెర మీద గులాబీ రంగులో "జై తెలంగాణ" అని వచ్చేది. పని పూర్తికాకపోయినా వచ్చేది.

బంద్ రోజుల్లో వీళ్ళిద్దరి మధ్యా మాటలు ఉండేవి కావు. కిరణ్ పేపర్లో వార్త పైకి చదివితే మహేందర్ లేచి రోడ్డు వైపు గోడ కిటికీ దగ్గరికి పోయేవాడు. మహేందర్ రాస్తారోకో నుంచి వస్తే కిరణ్ తల ఎత్తేవాడు కాదు. ల్యాబ్ అంతా అట్లాగే రెండుగా చీలి ఉండేది. అయితే ప్రోగ్రాం రాసుకోవడానికి లినక్స్‌లో రెండు ప్రసిద్ధమైన ఎడిటర్లు ఉన్నాయి, వాటి గురించి గొడవ మొదలైతే చాలు, లెక్కలన్నీ మారిపోయేవి. కిరణ్‌దీ మహేందర్‌దీ ఒకే ఎడిటర్. రాష్ట్రం సంగతి పక్కనపెట్టి ఇద్దరూ భుజం భుజం కలిపి అవతలి ఎడిటర్ వాళ్ళ మీద విరుచుకుపడేవారు. అవతలి వైపు కూడా ఇటు భువనగిరి పిల్లలు, అటు భీమవరం పిల్లలు కలిసే ఉండేవారు. ఆ గొడవను నేను కావాలనే ఆపేవాణ్ణి కాదు.

నవ్వుకోండి, తప్పులేదు. ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. తెర మీద వాన కురిపించడానికి మహేందర్ గ్రాఫిక్స్ కార్డు లోపలి సంగతులన్నీ చదివాడు. గడియారం పీకడానికి కిరణ్ మిషన్ మొదలయ్యే వరసంతా విప్పి చూశాడు. వాళ్ళు చెడగొట్టినవి బాగుచేసుకుంటూ నేర్చుకున్నది నేను బోర్డు మీద రాసి నేర్పలేను. అవసరం కోసం నేర్చుకునేవాడు అవసరం తీరిన చోట ఆగిపోతాడు. ముచ్చట కోసం నేర్చుకునేవాడికి ఆగే చోటు తెలియదు. మన పనికి అలాంటివాళ్ళే కావాలి.

నర్సిరెడ్డి గారి అనుమానం

మా ఇన్‌స్టిట్యూట్ యజమాని నర్సిరెడ్డి గారు. ఆ భవనం లేచిన నేలలో వాళ్ళ నాన్న కూరగాయలు పండించాడట. ఆయనకు కంప్యూటర్ తెలియదు, తెలుసునని నటించడు కూడా. నేను చూసిన బాసుల్లో ఆయన మంచివాడని చెప్పడానికి ఈ ఒక్కటీ చాలు. రోజూ ఒకసారి ల్యాబ్‌లోకి వచ్చి, చేతులు వెనక్కి పెట్టుకుని, పొలం గట్టు మీద నడిచినట్టు వరసల మధ్య నడిచేవారు.

ఒకనాడు కిరణ్ వెనక ఆగిపోయారు.

"సార్, గీ పిలగాడు ఇంక మిషన్ చాలు జెయ్యలేదేంది?"

"చాలూగానే ఉంది సార్. అదే అతని డిజైన్."

ఆయన నల్లటి తెర వైపు కాసేపు చూసి మహేందర్ వెనక్కి వెళ్ళారు. అక్కడ వాన పడుతోంది, మీటర్లు ఎగిరెగిరి పడుతున్నాయి.

"మరి గిది ఖరాబైందా?"

"లేదు సార్, అదీ డిజైనే."

ఆ మధ్యాహ్నం నన్ను గదిలోకి పిలిచి చాయ్ ఇప్పించారు. చాయ్ ఇప్పించారంటే చెడ్డ వార్త ఉందన్నమాట.

"నారాయణ సార్, నేను మీకు అడ్డం రాలే ఎన్నడు. గని సమ్మెలాయె, బంద్‌లాయె, కంపెనీలోల్లు గీ దిక్కు వస్తలేరు. జావా పిల్లలు వాల్లే మాదాపూర్ పోయి ఇంటర్వ్యూ ఇచ్చి వస్తున్రు. మీ పిల్లలు ఏడికి పోతలేరు, తెరలు సింగారిచ్చుకుంట కూసుంటున్రు. నౌకరి రాకుంటె రేపు గీ కోర్సుల ఎవడు చేరుతడు? నేను గీ ల్యాబ్ జావాకిచ్చుడే అయితది."

"ఒక కంపెనీని పిలిపించండి సార్. ఇక్కడికే రమ్మనండి" అన్నాను.

"పిలిపిస్త. గది గూడ కాకుంటె?"

"అప్పుడు మీ ఇష్టం."

ఆయన మాట నిలబెట్టుకున్నారు. ఎవరెవరినో పట్టుకుని, వెబ్‌సైట్లు ఉండే సర్వర్లు నడిపే ఒక కంపెనీని ఒప్పించారు. అక్కడ పెద్ద హోదాలో ఉన్న ఒక మేడం స్వయంగా వచ్చి పరీక్ష పెడతారు, ఇద్దరిని తీసుకుంటారు. ఆ సంగతి ల్యాబ్‌లో చెప్పిన రోజున పిల్లలందరూ శ్రద్ధగా తయారవడం మొదలుపెట్టారు. కంపెనీ వాళ్ళు చూస్తారని కిరణ్ కిటికీని మళ్ళీ కొలిచాడు. మహేందర్ వానను ఇంకొంచెం పెంచాడు.

మిషన్ లేని స్వరూప

ఆ బ్యాచ్‌లో మిషన్ల కంటే ఒక మనిషి ఎక్కువ. చివర్లో చేరిన అమ్మాయి స్వరూప. అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్ళ నాన్న లారీ డ్రైవరు. ఆమెకు సొంత మిషన్ ఇవ్వలేకపోయాను. "ఎవలన్న రాని దగ్గర కూసుంట తియ్యుండ్రి సార్" అంది. ఉద్యమం రోజులు కాబట్టి ఎవరో ఒకరు రాకుండానే ఉండేవారు. ఒకరు ధర్నాలో ఉంటే ఇంకొకరు ఆగిపోయిన బస్సులో ఉండేవారు.

అలా ఆమె పొద్దున కిరణ్ మిషన్ మీద, మధ్యాహ్నం మహేందర్ మిషన్ మీద, మర్నాడు ఇంకెవరిదో మీద పనిచేసేది. ఎవరి అలంకారమూ ఇంకొకరికి అర్థం కాదని చెప్పాను కదా. ఆమె వాటి జోలికే పోలేదు. లినక్స్ మీద ఎన్ని వేషాలు వేసినా అడుగున బోసి నల్ల తెర ఒకటి ఉంటుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ టూ మీటలు కలిపి నొక్కితే పైదంతా పక్కకు పోయి ఆ తెర వస్తుంది. అక్కడ రంగుల్లేవు, వానలేదు, మార్చిన అక్షరాలు లేవు. అన్ని మిషన్లలోనూ అది ఒక్కలాగే ఉంటుంది. దాని కోసం ప్రతి మిషన్‌లో నేను ఒక ఉమ్మడి లాగిన్ కూడా పెట్టాను. మొదటి రోజు చెప్పిన పాఠం అది. అందరికీ తెలుసు, ఎవరూ వాడేవారు కాదు. అద్దె లేకుండా వచ్చినా అలంకారం లేని ఇంట్లో మావాళ్ళు ఉండరు. స్వరూప మాత్రం అక్కడే ఉండేది.

పరీక్షకు వారం ముందు ఆమె నా దగ్గరికి వచ్చింది.

"సార్, మా బావ దిల్‌సుఖ్‌నగర్ల బట్టల షాపుల బిల్లింగ్ పని మాట్లాడిండు. ఒకటో తారీఖు నుంచి రమ్మంటున్రు. మా నాయిన జర ఆగుదామన్నడు. గీ పరీక్ష చూసి, కాకుంటె పోవాలె."

"బిల్లింగ్ పని చెడ్డదేం కాదమ్మా."

"చెడ్డదని నేనంటలేను సార్. గని నాకు గిది వచ్చు. వచ్చిన పని ఇడిశిపెట్టి పోవాలంటె మనసొప్పుతలేదు."

ఆమె ఏడవలేదు. ఉన్న సంగతి చెప్పి బస్సుకు వెళ్ళిపోయింది. నాకే ఆ రోజంతా పాఠం సరిగ్గా సాగలేదు.

పరీక్ష

పరీక్ష నాడు ఎల్బీనగర్ చౌరస్తాలో ఉద్యమం వాళ్ళు నిరసనగా రోడ్డు మీదే వంటావార్పు పెట్టారు. విజయవాడ రోడ్డు మీద బస్సులు నిలిచిపోయాయి. మేడం అటు మలక్‌పేట వైపు నుంచి వచ్చారు కాబట్టి టైముకు చేరారు. స్వరూప జాడ లేదు. ఇంకొంచెంలో మొదలవుతుందనగా చెప్పుల నిండా దుమ్ముతో మెట్లెక్కి వచ్చింది. వనస్థలిపురం దగ్గర దిగి నడిచిందట.

"ఎల్బీనగర్ల తినకుంట పోనియ్యలే సార్. పరీక్షున్నదంటె ఆకుల అన్నం బెట్టి, తిని పో బిడ్డా అన్నరు. లేకుంటె ఇంక జల్ది వస్తుంటి" అంది.

మేడం తనతో ఒక చిన్న సర్వర్ తెచ్చుకున్నారు. దాన్ని మా ల్యాబ్ వైర్లకు కలిపారు. అందులో ఒక్కొక్కరికీ ఒక వెబ్‌సైట్ ఉంది, అన్నీ చెడిపోయి ఉన్నాయి. కూర్చున్న చోటు నుంచి సర్వర్‌లోకి వెళ్ళి, ఎందుకు చెడిందో కనిపెట్టి, గంటలో నిలబెట్టాలి. మా పిల్లలకు అది చాయ్ తాగినంత పని. నేను ధీమాగా వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా పక్కన నర్సిరెడ్డి గారు నిలబడ్డారు.

అప్పుడు మేడం అన్నారు.

"ఎవరి మిషన్ ముందు వాళ్ళే కూర్చున్నారా? లేచి మారండి. ఆఫీసులో ఎవరి మిషన్ వాళ్ళకు ఉండదు."

కిరణ్ వెళ్ళి మహేందర్ మిషన్ ముందు కూర్చున్నాడు. మహేందర్‌కు కిరణ్ నల్ల తెర వచ్చింది. బస్సులు ఆగి రాలేకపోయిన ఒకడి మూల మిషన్ స్వరూపకు దొరికింది. ఆమెకు ఏదైనా ఒకటే.

మొదట కీబోర్డుల చప్పుడు వినిపించింది, తర్వాత అది సన్నగిల్లింది. కిరణ్ ఒక అక్షరం కొడితే ఇంకొకటి పడుతోంది. మహేందర్ మౌస్ కోసం టేబుల్ కింద వెతుకుతున్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. కాసేపటికి కిరణ్ వీపు చూసి నాకు అర్థమైంది. వాడు పరీక్ష రాయడం లేదు. మహేందర్ మీటర్లను ఒక్కొక్కటిగా పీకేస్తున్నాడు. మహేందర్ కిరణ్ కిటికీకి అంచులు కడుతున్నాడు. ల్యాబ్ అంతటా ఇదే పని. పక్కవాడి ఇంట్లో కూర్చోలేక, సామాన్లన్నీ తమ పద్ధతిలో సర్దుతున్నారు. ఎవడూ తన వెబ్‌సైటును ఇంకా ముట్టుకోలేదు.

మేడం వరసల మధ్య తిరిగి నా దగ్గరికి వచ్చారు.

"వీళ్ళు ఏం చేస్తున్నారు?"

"సర్దుకుంటున్నారు మేడం" అన్నాను. నర్సిరెడ్డి గారు నా వైపు చూడకుండా గోడ మీద క్యాలెండర్ చూస్తున్నారు. నేను ఆ రోజు పరీక్షకు కాపలా మనిషిని కాబట్టి ఒక్క ముక్క కూడా చెప్పకూడదు. లినక్స్ ల్యాబ్ పోయినట్టేనని అప్పుడే నిశ్చయించుకున్నాను.

మూలన స్వరూప ఒక్కతే ఆగకుండా కొడుతోంది. సగం దాకా వచ్చిందనుకుంటాను. ఎందుకో తల తిప్పి అటూ ఇటూ చూసింది. చెయ్యి ఎత్తింది.

"మేడం, నేనొక్క మాట అందరికి చెప్పొచ్చా?"

"దేని గురించి?"

"పరీక్ష గురించి కాదు మేడం. మిషన్ గురించి."

మేడం ఆమె దగ్గరికి వెళ్ళారు. గొంతు తగ్గించలేదు, అందరికీ వినిపించింది.

"నేను తీసుకునేది ఇద్దరినే. వీళ్ళందరూ నీకు పోటీ. తెలుసు కదా?"

"తెలుసు మేడం. గని పోటీ పనిల గదా. వాల్లింక పని దాంక రానేలే."

బట్టల షాపు సంగతి ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. చెప్పొద్దమ్మా, నీ పని నువ్వు చూసుకో అని నా లోపల ఒక మనిషి అంటూనే ఉన్నాడు.

మేడం గడియారం చూశారు. "ఒకే ఒక్క వాక్యం. నీ టైమ్ నడుస్తూనే ఉంటుంది" అన్నారు.

స్వరూప లేచి నిలబడింది.

"కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ టూ కొట్టి, సార్ లాగిన్ల నుంచి పోండ్రి" అని కూర్చుంది.

కిరణ్ నొసటి మీద కొట్టుకున్నాడు. మహేందర్ ముందున్న తెర మీద అప్పుడే కట్టిన అంచులు మాయమయ్యాయి. ఒకటి తర్వాత ఒకటి తెరలన్నీ నల్లబడ్డాయి. వాన ఆగింది, మీటర్లు పోయాయి, గులాబీ రంగు పోయింది. వరసంతా ఒకే నల్ల తెర, ఒకే తెల్ల అక్షరాలు. ఎన్నేళ్ళు పనిచేసినా అంత అందమైన ల్యాబ్‌ను నేను చూడలేదు. ఆ తర్వాత కీబోర్డుల చప్పుడు మళ్ళీ లేచింది. ఇక ఆగలేదు.

ఫలితం, ఆపైన

చాలామంది పూర్తిచేశారు. మిగిలిన కాస్త టైములోనే కిరణ్ అందరికంటే ముందు లేచాడు. చెప్పాను కదా, తెలివైనవాళ్ళని. స్వరూప తన పని మళ్ళీ మొదటి నుంచి సరిచూసుకుని అయిపోయిందనే సరికి గంట నిండటానికి కొంచెమే మిగిలింది. మేడం ఒక్కొక్కరి పనీ తెరిచి చూసి, నర్సిరెడ్డి గారి గదిలో కూర్చుని, నన్ను పిలిచారు.

"ఇద్దరిలో ఒకరు ఆ తెనాలి అబ్బాయి. చేతివేగం బాగుంది. రెండో మనిషి మీ స్వరూప. అందరి పనీ చూశాను, ఆమె పనిలోనూ నాకు తప్పు దొరకలేదు. పైగా మా దగ్గర ఒకరి సర్వర్ పడిపోతే పక్కవాడు తనది పడలేదని చూస్తూ కూర్చుంటాడు. ఆమె కూర్చోదు."

నర్సిరెడ్డి గారు బయటికి వెళ్ళి ఆఫీసు అమ్మాయితో, "లినక్స్ కొత్త బ్యాచ్ కాగితాలు అచ్చుకియ్యు" అన్నారు. అంతటితో ఆ సంగతి తేలిపోయింది.

స్వరూప మెట్ల మీద నిలబడి నాన్నకు ఫోన్ చేసింది. "వచ్చింది నాయినా. ఆఁ, గదే పని. బావకు నువ్వే చెప్పు" అంది. అవతల ఆయన ఏమన్నాడో తెలియదు, చాలాసేపు వింటూ నిలబడింది. మహేందర్‌కు ఆ రోజు రాలేదు. వాడు తన బాధ తాను దాచుకుని కిరణ్ వీపు తట్టాడు. కొన్నాళ్ళకు వాడికీ వేరేచోట పని దొరికింది, మంచి పనే.

కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేది రంగులు మార్చుకోవద్దని కాదు. శుభ్రంగా మార్చుకోండి, వాన కురిపించుకోండి, మౌస్ సొరుగులో పెట్టుకోండి. అడుగున ఉన్న తెరను మాత్రం మరిచిపోవద్దు. మీ పక్కవాడు ఇంకా అక్కడికి చేరలేదని తెలిస్తే దారి చెప్పండి. ఈ పనిలో నేను చూసిన గొప్పతనం అంతా ఆ రెండింటిలోనే ఉంది.

ఆ సాయంత్రం కిరణ్ తన మిషన్ ముందు నుంచి కుర్చీ జరిపాడు.

"ఇకనుంచి ఇది నువ్వు తీసుకో. ఉద్యోగంలో చేరేదాకా నీదే. మౌస్ సొరుగులో ఉంది" అన్నాడు.

"నాకెందుకు? నాకు నల్ల తెర సాలు" అంది స్వరూప. అంటూనే కూర్చుంది.

పిల్లలంతా వెనక గుమిగూడారు. ముందు తెర వెనక రంగు మార్చమని ఒకడు, అక్షరాలు మార్చమని ఇంకొకడు అన్నారు. ఆమె ఎవరి మాటా వినలేదు. ఒక నీలం పెట్టింది, తీసేసింది. ఇంకో నీలం పెట్టింది. కాస్త దూరం జరిగి, తల వంచి చూసి, మళ్ళీ దగ్గరికి జరిగింది. ఒక్కొక్కరే ఇళ్ళకు, హాస్టళ్ళకు వెళ్ళిపోయారు. ఎల్బీనగర్‌లో రోడ్డు తెరిచారని, బస్సులు నడుస్తున్నాయని కింది నుంచి ఎవరో చెప్పారు.

"అమ్మా, అబ్దుల్లాపూర్‌మెట్ బస్సు పోతుంది. లే" అన్నాను.

"ఆగుండ్రి సార్. గీ కిటికీ అంచు జర మందమైనట్టున్నది. చూడుండ్రి."

నేను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. కళ్ళద్దాలు సర్దుకుని చూశాను. నిజమే, మందంగానే ఉంది.